లైనులో ఉండండి

జ్వరం రాలేదు. అదే మమ్మల్ని మోసం చేసింది.
దగ్గయినా లేదు. కాస్త నీరసం, ఎండలే అనుకున్నాం.
బుధవారం పొద్దున అక్క
చారులో చింతపండుకి బదులు
వక్కపొడి పిసికింది.
నేను నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ గొంతులో చేపముల్లు.

సాయంత్రానికి పెరంబూరులో మా రెండో అంతస్తు వాటా
మౌంట్‌రోడ్డు ఎక్స్ఛేంజి అయిపోయింది.
కొంగు చెవికి చుట్టుకుని
దుప్పటి కుచ్చుల్ని ఒక్కొక్కటే పట్టి
గాలిలో ఎక్కడో గుచ్చుతోంది అక్క.
"నెల్లూరు, మాట్లాడండి.
గూడూరూ, మీ పార్టీ ఎత్తడం లేదు.
మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?"

ముప్పైమూడేళ్ళు ట్రంకు బోర్డు ముందు కూర్చున్న మనిషి.
ఆ బోర్డు ఏనాడో పాత ఇనుముకి పోయింది.
నన్ను ఎగాదిగా చూసి
"ఎవరమ్మా మీరు, రాత్రి డ్యూటీయా?" అంది.
అరవైఎనిమిదేళ్ళుగా చెల్లెల్ని.
"అవునండీ" అన్నాను.
ఇంకేమనను?

కింది వాటా మంగయర్కరసి వచ్చి చూసింది.
"వయసు కదా, ఇక ఇంతే" అంది తమిళంలో.
ఆ మాట పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాం.
మూడు రోజులు!
మంచం దిగబోయి పడింది గనక సరిపోయింది,
లేకపోతే నాలుగో రోజూ కూర్చునేవాళ్ళం.

కీళ్పాక్కంలో డాక్టరు పిల్లకి పాతికేళ్ళుంటాయేమో,
మాస్కు మీద కళ్ళు మాత్రం నిద్రలేక ముసలివైపోయాయి.
ముక్కులో పుల్ల పెట్టి తీసి, ఫలితం చూసి, చెప్పింది:
"పెద్దవాళ్ళలో వైరస్ ఒక్కోసారి ఇలాగే తలుపు తడుతుంది పాట్టీ.
ఒళ్ళు కాలదు, తెలివి తడబడుతుంది.
ఇది మతిమరుపు జబ్బు కాదు."
"తిరిగొస్తుందా?"
"చాలామందికి వస్తుంది."
చాలామంది అన్నమాటని ఆ రాత్రి
ఎన్నిసార్లు లెక్కపెట్టానో.

రెండింటికి లేచింది అక్క.
చేతిలోకి దిగుతున్న గొట్టాన్ని పట్టుకుంది.
"ఈ తాడు ఏ ఊరిది?"
నర్సు అటు చివర మంచం దగ్గరుంది.
పీకేస్తే మళ్ళీ నరం దొరకదన్నారు.
నా నోటికి ఏది వస్తే అది.
"ఒంగోలండీ. లైను నడుస్తోంది. తీయకండి."
అక్క వేళ్ళు ఆగాయి.
నడుస్తున్న లైను తీయడం
ఆవిడ సర్వీసులో లేదు.
ఒంగోలులో ఆ రాత్రి ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారో గాని
తెల్లవార్లూ
చుక్క
చుక్కగా
సెలైను దిగింది.

ఆరో రోజు, ఇడ్లీ తుంపుతుంటే,
"దమయంతీ, తల దువ్వుకోలేదటే?" అంది.
లేదక్కా, అన్నాను.
దువ్వెన ఎక్కడ పెట్టానో తెలిసినా
వెతుకుతున్నట్టు సంచిలో చాలాసేపు తల దాచుకున్నాను.

ఇంటికొచ్చాం. అన్ని ఊళ్ళూ కలవలేదు.
కాఫీ పొడి వాసన టైరు కాలినట్టుందంటుంది.
పీబెర్రీ డబ్బా అటకెక్కింది, నేనూ మానేశాను.
మెట్లు దిగేటప్పుడు ఒక కాలు
రెండో కాలికి సమాచారం ఇవ్వడం మరిచిపోతుంది.
డాక్టరు పిల్ల రాసిచ్చిన చీటీలో
నెలలు, అని ఉంది, ఎన్నో లేదు.
కొన్ని మాటలు నోటిదాకా వచ్చి నిలబడిపోతాయి:
చెంబు, మంగళవారం, మా అమ్మ పేరు.
అందించబోతే కోప్పడుతుంది.
చూపుడువేలు పైకెత్తి,
పాత గొంతుతో, పాత మర్యాదతో,
"లైనులో ఉండండి" అంటుంది.
ఉంటాను.
పొయ్యి మీద పప్పు పొంగినా ఉంటాను.

నిన్న 'గరిటె' కలవడానికి
మూడు నిమిషాలు దాటింది.
పొడిగించాను.