తోసే గొలుసు

తాడుతో లాగొచ్చు, తోయలేం.
నూతిలో చేద జారవిడిచిన ఏ పిల్లకైనా తెలిసిన సంగతే ఇది.
అందుకే రాదరమ్‌లో, ప్రెస్ షాపు మెట్ల మీద,
సేల్స్ మనిషి ఆ నమూనా ముక్క చేతికిస్తే
నాకు ముందు నవ్వొచ్చింది.

పదకొండు లింకులు, పసిబిడ్డంత బరువు.
ఇటు వంచితే జంతికలా చుట్టుకుంది.
అటు వంచబోతే
భుజానికి భుజం ఆనించి
గడకర్రలా బిగుసుకుంది.
మోచేయి, అనుకున్నాను.
మోచేయీ ఇంతే, ఒక్క వైపే ఒప్పుకుంటుంది.

మేం కదపాల్సింది ఒక డై.
ఇరవై ఆరు టన్నులు.
వారానికి తొమ్మిదిసార్లు ప్రెస్సులోకి, తొమ్మిదిసార్లు బయటికి.
ఇన్నాళ్ళూ ఒక వించి, ఉక్కుతాడు, కప్పీ,
నలుగురు మనుషులు, లెక్కలేనన్ని తిట్లు.
ఆ తాడు ఒకసారి తెగింది.
టెరెన్స్ ఆక్‌రాయిడ్ ఎడమచేతికి ఇప్పుడు మూడే వేళ్ళు.
టీ కప్పుకి చాలంటాడు.

కొటేషన్లు మూడు.
మొదటిది హైడ్రాలిక్ సిలిండర్:
మూడు మీటర్లు ముందుకు తోయాలంటే
వెనక్కి ముడుచుకోడానికీ మూడు మీటర్లు కావాలి.
మా వెనక గోడ. గోడ వెనక కాలువ.
కాలువలో బాతులు.
వాటి అనుమతి ఎవరు తెస్తారు?

మిగిలినవి రెండూ గొలుసులే, ఒకటి సన్నం, ఒకటి లావు.
తోసి వచ్చాక పెట్టెలో చుట్టుకు పడుకుంటాయి,
బల్ల కింద పట్టేంత పెట్టె.
సన్నదాని ధర చూసి ఎకౌంట్స్‌లో ఫియోనా
ఆ ఏడాదిలో మొదటిసారి నాకేసి నవ్వింది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను.
ఇరవై ఆరు టన్నుల్ని మోసేది గొలుసు కాదు, రోలర్లు.
గొలుసు గెలవాల్సింది బరువుని కాదు, ఒరిపిడిని.
నూటికి ఐదు వంతులు.
పదమూడు వందల కిలోలు, అంతే.
సన్న గొలుసు రెండు టన్నులు తోస్తుంది.
పెన్ను మూత పెట్టి, పెరుగన్నం తిని పడుకున్నాను.

మర్నాడు టెరెన్స్ కాగితాన్ని
మూడు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఇది ఏ రోజు లెక్క, లవ్?"
(ఇక్కడ అందర్నీ లవ్ అనే అంటారు, బస్సు డ్రైవరు కూడా.
మొదటి నెల నేను తల దించుకునేదాన్ని.)
ఏ రోజేమిటి, లెక్కకి రోజుంటుందా?
"బుధవారానికి సరిపోతుంది," అన్నాడు.
"సోమవారం వచ్చి చూడు."

జనవరి. ఆరింటికి ఇంకో పావుగంట.
రెండు రాత్రులు కదలని డై.
రోలర్లలో గ్రీజు వెన్నముద్దయింది,
పొలుసులు రాలి ఇరుక్కున్నాయి.
లోడ్ సెల్ తగిలించి వించి తిప్పాం.
వెయ్యి. పదిహేను వందలు. రెండు వేలు.
డై ఉలకలేదు.
మూడు వేల నూట నలభై దగ్గర
పళ్ళు కొరికినట్టు ఒక చప్పుడు, ఒక అంగుళం కదలిక.
షాపంతా మళ్ళీ నిశ్శబ్దం.
సన్న గొలుసైతే నడుం విరిగేది.
నేను లెక్క వేసిన పుస్తకంలో సోమవారం లేదు.

పదకొండు వేల పౌండ్లు ఎక్కువ.
ఫియోనా నవ్వు మానేసింది.
లావు గొలుసుకి సంతకం పెట్టించడానికి
ఆమెని కూడా ఒక సోమవారం
గ్లోవ్స్ లేకుండా నిలబెట్టాల్సి వచ్చింది.

మార్చిలో బిగించాం.
బటన్ టెరెన్స్‌దే, అది ఎవరూ అనుకోకుండానే తేలిపోయింది.
పెట్టెలోంచి లింకు వెనక లింకు పైకొచ్చి,
వరసలో నిలబడి,
డై వీపు మీద చెయ్యి వేసినట్టు ఆని
తోసుకుపోయింది.
అరుపుల్లేవు. షాపు చెవులు రిక్కించింది.

అప్పుడు చూశాను.
బటన్ నొక్కుతూనే టెరెన్స్
రెండడుగులు ఎడమకి జరిగి నిలబడ్డాడు,
తెగితే కొరడాలా వచ్చే తాడు దారి విడిచి.
అక్కడిప్పుడు తాడు లేదు.
మిగతా ముగ్గురూ జరిగారు.

నేనూ.