చేబదులు

టెక్కలి కోర్టు గోడ పక్కన
ముప్పై ఏళ్ళుగా నా రేకు బల్ల.
నోట్లు, వీలునామాలు, అర్జీలు.
గొంతు పెగలని వాళ్ళకి
నా చేతిరాతే గొంతు.

"సంశయలాభం కింద" అన్న మాట
ఎన్నిసార్లు ఎత్తి రాశానో లెక్కలేదు.
దొంగకి రాశాను, దొంగ కానివాడికీ రాశాను.
ఖాకీ చొక్కాకి రాయాల్సొస్తుందని
ఎప్పుడూ అనుకోలేదు.

శనివారం రాత్రి, నౌపడా రోడ్డు,
రైలు గేటు దాటాక చెకింగు.
కానిస్టేబులు దండాసి టార్చి ఊపాడు.
బండి ఆగలేదు.
లాఠీ లేచింది.
అప్పుడే ఉప్పు లారీ అడ్డమొచ్చింది.
పద్నాలుగు చక్రాలు, తొందరేం లేదు దానికి.

అది దాటేసరికి
బండి తుప్పల్లో ఉంది,
ఢిల్లేశు మోకాలు తెల్లగా తెరుచుకునుంది,
లాఠీ ఇంకా పైనే ఉంది.

నేను చూసింది ఇంతే.
లేచిన లాఠీ, పడిన కుర్రాడు,
మధ్యలో లారీ పొడుగు చీకటి.

తెల్లారేసరికి ఆ చీకట్లో
టీ కొట్టు ఒక దెబ్బ పెట్టేసింది,
స్టేషను ఒక సీసా పెట్టేసింది.
ఖాళీగా ఉంచింది నేనొక్కణ్ణే.

ఆదివారం నీలవేణి వచ్చింది, కుర్రాడి తల్లి.
జీడిపిక్కల నూనెకి నల్లబడిన చేతులు.
"నువ్వు సూసినావట గదా బాబూ,
ఏటి సూసినావో అదే రాయి" అంది.
ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది నాకు.

సోమవారం చీకటి పడ్డాక దండాసి వచ్చాడు,
లుంగీ మీద, చెప్పులు బల్లకి దూరంగా విడిచి.
"నాను కొట్నేదండి. ఆపుదారని ఎత్తేను.
నమ్మరు లెండి" అన్నాడు.
రాయమని అడగలేదు.

ఈ మనిషికి నేను మూడు సెలవు అర్జీలు రాశాను,
కూతురి చెవి ఆపరేషనుకి.
మూడూ తిరిగొచ్చాయి.
నాలుగోది రాయించుకోలేదు.
ఆ పిల్ల ఇప్పుడు పెదాలు చూసి మాటలు పోల్చుకుంటుంది.

కానీ మా తాత ఉన్నాడే,
మందస కొండ కింద
ఒక రాత్రి పట్టుకెళ్ళి
పదకొండో రోజు వదిలేస్తే
మళ్ళీ ఎప్పుడూ పీట మీద కూర్చోలేదు.
చచ్చేదాకా నిలబడే అన్నం తిన్నాడు.
ఆయన దగ్గర అనుమానమొక్కటే ఉంది,
లాభం ఎవరూ ఇవ్వలేదు.
బూటు చప్పుడైతే మా నాన్నమ్మ దీపం ఊదేసేది.
ఆ పొగ వాసన నా ముక్కులో
ఇంకా ఉంది.

రాత్రంతా కలం మూత తీసి పెట్టాను.
ఒక వైపు తిరిగొచ్చిన అర్జీలు,
ఒక వైపు నిలబడి తిన్న అన్నం.
ఏదీ ఆ లారీ వెనక ఏం జరిగిందో చెప్పదు.

చివరికి రాశాను:
లాఠీ లేవడం చూశాను.
దిగడం చూడలేదు.

దండాసీ,
ఇది నీకు నేనిచ్చే దానం కాదు, చేబదులు.
రాసుకోని బదులు, అయినా బదులే.
గేటు స్తంభానికి కెమెరా ఉంది.
అది ఏం చూపిస్తే అదీ రాస్తాను.
ఆ రాత్రి మాత్రం పనిచెయ్యలేదని
మీ స్టేషను చెప్పిందా,
వడ్డీతో వెనక్కి అడుగుతాను.

మంగళవారం నీలవేణికి చదివి వినిపించాను.
చాలాసేపు రోడ్డు వైపు చూసింది.
"లారీ సంగతి రాసినావా?"
"రాశాను."
"అయితే నా అర్జీ కూడా రాయి.
దెబ్బ మాట నా కొడుకు సెప్పినాడు,
వాడు సెప్పినాడనే రాయి."

రాశాను. అదే కలం, అదే సిరా.
బొటనవేలు అద్దింది. ముద్ర పడలేదు.
మళ్ళీ అద్దింది. నల్లటి చుక్క, అంతే.
జీడి నూనె గీతలన్నీ తినేసింది.

ఆ చుక్క పక్కన
"నీలవేణి నిశానీ" అని రాసి
కింద నా సంతకం పెట్టాను.
వేలు ఒత్తడం
నా కళ్ళతో చూశాను గనక.