గోడ గడియారం సెల్లు

పెదవాల్తేరు చెవి ఆసుపత్రిలో
ఆ చిన్న డాక్టరమ్మ టార్చి వేసి చూసి
నవ్వు ఆపుకుంది.
"మెషిను పెట్టాలంటే ముందు అచ్చు తియ్యాలండి.
అచ్చు తియ్యాలంటే ముందు ఈ అడవి కొట్టించుకు రండి."
నాకు సగమే వినబడింది.
మిగతా సగం సన్యాసమ్మ
బస్సు దిగాక, నడిరోడ్డు మీద,
ఊరంతటికీ తెలిసేలా చెప్పింది.

పూర్ణా మార్కెట్ వెనక, కొబ్బరితాళ్ల కొట్టు పక్కన
గొడుగులూ గాలిబుడగలూ అమ్మే కుర్రాడు
రెండొందల ఎనభై చెప్తే నూట తొంభైకి తెగింది.
లిప్‌స్టిక్ అంత ఉంది, అంతే.
"సెల్లు?" అన్నాను.
"అది మీదే బాబాయ్" అన్నాడు.

సోల్జర్‌పేటలో, మా ఇంట్లో, సెల్లు లేదు.
గోడ గడియారం దింపి వీపు విప్పాను.
ఉగాదికి మార్చిన సెల్లు, ఇంకా దమ్ముంది.
నాలుగూ ఇరవై దగ్గర ముల్లు నిలబడిపోయింది.
టిక్కుటిక్కు ఆగిందో లేదో నాకేం తెలుసు,
ఆడిన రోజుల్లోనే వినబడలేదు.

ముందు ముక్కు,
చెవంటే భయమేసి.
పెరటి గోడ అద్దంలో మూతి వంకర పెట్టి
స్విచ్చి నొక్కాను.
అద్దం మూలలో, కాలవ అవతల,
డాల్ఫిన్స్ నోస్ కొండ.
మా ఊరికే ఒక ముక్కుంది.
దాని తుప్పలు ఎవడూ కత్తిరించడు,
లైట్‌హౌసు చుట్టూ పచ్చగా పెరిగిపోతాయి.
నావి నల్లగా.

గిలిగింత. తుమ్ము.
ఇంకో తుమ్ము. కళ్లనీళ్లు.
పరిచిన పేపరు మీద రాలినవి చూశాను.
ముప్పై ఒక్క ఏళ్లు క్రేను కేబిన్లో కూచుని
ఓడల కడుపుల్లోకి ఇనపరాయి దింపినవాణ్ణి.
రాత్రి మొహం కడిగితే తువ్వాలు ఎర్రబడేది,
బొగ్గు రోజుల్లో నల్లబడేది.
లోపలికెంత పోయిందో పోర్టువాళ్ల దగ్గరా లెక్కలేదు.
పోనివ్వనిది ఎంతో వీటికే తెలుసు.
జీతంలేని కాపలా.
ఓవర్‌టైము అడగలేదు, యూనియన్లో చేరలేదు.
ఇవాళ నేనే రిటైర్మెంటు ఇచ్చాను.
దండ లేదు, శాలువా లేదు,
పేపరు మడిచి చెత్తబుట్టలోకి.

తరవాత ఎడమ చెవి.
అది పోయి తొమ్మిదేళ్లు.
సన్యాసమ్మ అటువైపు కూచుంటే నన్ను తిట్టుకోడానికి,
ఇటువైపు కూచుంటే డబ్బు అడగడానికి.
మొన మెల్లగా లోపలికి పెట్టాను.

జుయ్.

తీసేశాను. మళ్లీ పెట్టాను.
జుయ్.
గాల్లోంచి కాదు, ఎముకలోంచి వస్తోంది,
పళ్లలోకి, పుర్రెలోకి,
చీకట్లో ఒక మరపడవ
ఒడ్డుకి వస్తున్నట్టు.
చెవిలో జోరీగ దూరితే జనం చిందులేస్తారు.
నేను దాన్ని పోనివ్వకుండా పట్టుక్కూచున్నాను.
వెంట్రుకలు ఎప్పుడో అయిపోయాయి.

"ఏటలాగ నోరెళ్లబెట్టుకుని?"
కుడివైపుకొచ్చి అరిచింది సన్యాసమ్మ.
"ఇనబడతంది" అన్నాను.
"ఏటి?"
"ఇదే."

నా చేతిలోంచి లాక్కుంది.
కొంగుతో నాలుగుసార్లు తుడిచింది.
నన్ను పక్కకి నెట్టి అద్దం ముందు నిలబడింది.
గడ్డం కింద, పుట్టుమచ్చ మీద,
ఒకే ఒక్క తెల్ల వెంట్రుక.
ముప్పైనాలుగేళ్ల కాపరంలో నేనెప్పుడూ చూడలేదు.
"ఎలగ కనబడుద్ది, నువ్వు నెగవకముందే
శుక్రవారం శుక్రవారం గోళ్లతో పీకేత్తాను గదా."
అదే అంది అనుకుంటాను.
అప్పటికి ఎడమవైపుకి తిరిగిపోయింది,
అద్దంలో పెదాలు చూసి చెప్తున్నాను.

గడియారం మంచం మీద బోర్లా పడుంది.
రేపు పెదవాల్తేరు వెళ్లాలంటే టైము కావాలి,
సెల్లు తిరిగి వెయ్యాలి.
ఆమె ఇంకో వెంట్రుక కోసం వెతుక్కుంటోంది,
గడ్డం అటూ ఇటూ తిప్పి, వెలుగులోకి ఎత్తి.
లేదని నాకు కనబడుతూనే ఉంది.
చెప్పలేదు.