ముక్క వెనక చుక్క

శనివారం రాత్రి ప్రెస్సు మూశాక
రాయపేట మేడమీద, కాగితం రీముల మధ్య
నలుగురం కూర్చుంటాం.
మునిరత్నం, ఖాసిం, బైండరు జయశీలన్, నేను.
పోకరు నేర్పింది జయశీలన్ అల్లుడు,
సరుకు ఓడలో వంటవాడు.
ఆట నేర్పి, పేక ఒకటి వదిలేసి
మళ్లీ ఓడెక్కాడు.

పందెం పెద్దదేం కాదు.
గెలిచినవాడికి ఓ వందో నూటయాభయ్యో.
ఖాసిం కూతురి ఫీజు కట్టే నెలలో
ఆ నూటయాభై చిన్నదీ కాదు.

నా ఉద్యోగం తప్పులు చూడటం.
ముప్ఫై ఒక్కేళ్లుగా
ఒత్తు జారితే, సున్న రాలితే
పక్కన గీత గీసి బతికినవాణ్ణి.
శుభలేఖ చేతికిస్తే
ముహూర్తం కన్నా ముందు అచ్చుతప్పు చూస్తాను.
ఈ కన్ను సాయంత్రం ఆరింటికి మూతపడదు.

అందుకే కనబడింది.
నీలం పూలతీగ అచ్చేసిన ముక్క వెనక
ఎడమ మూల, మూడో ఆకు పక్కన
గోటితో నొక్కిన చుక్క.
తిప్పితే ఆసు.
రెండు చుక్కలుంటే రాజు.
రాణికి చుక్క లేదు, ఆకు చివర చిన్న గీటు.

ఎవరు నొక్కారో తెలీదు.
ఓడలో ఎవడో నొక్కి ఉండొచ్చు.
మునిరత్నం బొటనవేలి గోరు పొడుగే,
కానీ అది కంపోజింగ్ రోజుల నాటి పొడుగు,
సీసం అక్షరం ఎత్తడానికి పెంచుకున్నది.
గోరును బట్టి మనిషిని పట్టుకుంటే
ఎర్ర పెన్నును బట్టి నన్నేమనాలి?

ఆ రాత్రి నా చేతిలో రెండు పదులు,
బల్ల మీద ఇంకో పది, ఒక ఆసు.
ఎగిరి గంతేయాల్సిన చెయ్యి.
మునిరత్నం ముందు బోర్లాపడున్న రెండు ముక్కలకూ
మూలన చెరో చుక్క.
పడేశాను.
"ఏం సారూ, అప్పుడేనా?"
"బాలేదు" అన్నాను.

మిగిలిన ఎనభై రూపాయలు జేబులో పెట్టుకుని
లాయిడ్స్ రోడ్డు దాకా నడిచాను.
గెలిచింది కాదు. కాజేసిందీ కాదు.
పోవాల్సి ఉండి పోని డబ్బు.
దానికి మన భాషలో మాట ఉందా?
నిఘంటువు ప్రూఫులు రెండుసార్లు దిద్దినవాణ్ణి,
దొరకలేదు.

చుక్క నేను పెట్టలేదు.
ఎదుటివాడు ముక్క వంచి పట్టుకుంటే
తల తిప్పుకోవచ్చు,
తలలోకి వెళ్లిపోయినదాన్ని ఎటు తిప్పను?
చదవకుండా అక్షరాన్ని చూడటం
అక్షరం వచ్చినవాడి వల్ల కాదు.

చెబుదామంటే,
"పేకలో గుర్తులున్నాయి" అన్న మరుక్షణం
అందరి కళ్లూ అందరి చేతుల మీద.
ఇరవయ్యేళ్ల టీ చల్లారిపోతుంది.
చెప్పకపోతే
ఆ చుక్కలో నా గోరు కూడా ఉన్నట్టే.
ఏమో, ముగ్గురూ ఎప్పుడో చూసి
ముగ్గురూ ఇలాగే ఊరుకున్నారేమో.
అప్పుడది మోసమా, మర్యాదా?

ఓ శనివారం కళ్లజోడు తీసి ఆడాను.
ఇస్పేటూ కళావరూ ఒకటైపోయాయి.
ఖాసిం పగలబడి నవ్వాడు.
ఓడి, టీ తేవడానికి నేనే దిగాను.
ఓడినందుకు ఇంత హాయిగా ఉండటం కూడా
దొంగలెక్కేనని
మెట్ల మీద తోచింది, ఫ్లాస్కు పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

మరుసటి వారం ప్యారిస్ కార్నర్‌లో కొత్త పేక కొన్నాను.
"పాతవి జిగురు పట్టాయి" అన్నాను.
అక్షరదోషం లేని అబద్ధం.
ఎవరూ ఏమీ అనలేదు.
జయశీలన్ పాత పేకకి రబ్బరుబ్యాండు చుట్టి
అల్మారాలో పెట్టాడు,
అల్లుడి గుర్తు కదా అని.

మునిరత్నం పంచాడు.
ఎర్రగళ్ల వీపులు, నున్నగా.
నేను వాళ్ల వేళ్లే చూస్తున్నాను,
ఎవరిది ఎడమ మూల తడుముతుందా అని.
ఖాసింది కదల్లేదు.
జయశీలన్ బీడీ వెలిగించుకుంటున్నాడు.
మునిరత్నం గోరు ముక్క అంచున ఒక్క క్షణం ఆగింది,
లేదా ఆగిందని నేను దిద్దుకున్నాను.

"సారూ, మీ ముక్కలు ఎత్తండి."

చూసుకుంటే నా బొటనవేలు
లేని తీగ మీద
మూడో ఆకు కోసం వెతుకుతోంది.