ర్యాంపు చివర

పడవలు దిగే సిమెంటు ర్యాంపు
నీళ్ళకు నలభై అడుగుల ముందే ఆగిపోయింది.
అక్కణ్ణుంచి దారి బురదనడగాలి.

సాఫర్డ్ దాటి గంట. చివరి ఆరు మైళ్ళూ కంకర.
పేరుకు రిజర్వాయరే గానీ
ఈ గట్టున తుమ్మితే
ఆ గట్టువాళ్ళు చిరంజీవ అనొచ్చు.

ఒఫీలియా బరాసా నాకంటే ముందే వచ్చింది.
బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని
కోడి కార్జానికి ఎర్రదారం చుడుతోంది,
రవికకు హెమ్మింగు చేసినంత ఓపిగ్గా.
"మెత్తటిది, కట్టకపోతే గాలం వదిలేస్తుంది"
అంటుంది ప్రతిసారీ,
నేనెప్పుడూ విననట్టు.

నా పెట్టెలో రబ్బరు వానపాములున్నాయి,
నేరేడు రంగువి, తళుకులద్దినవి,
చేపల కోసం కాదు,
కొట్లో నన్ను పట్టడానికి చేసినవి.

జూన్. ఎండ ఇంకా కొండకవతలే ఉంది.
మెస్కీట్ పొదలో ఏదో పిట్ట
తాళంచెవి తిప్పుతున్నట్టు కూస్తోంది.
పక్కన బోర్డు, రెండు భాషల్లో:
ఈ నీటి చేపలు తినకండి, పాదరసం ఉంది.
మూడో భాషలోకి నేనే మార్చుకుంటాను.
పాదరసం.
ఎంత చక్కటి మాట,
నోట్లో వేసుకోకూడనిది.

తినం కదా, మరెందుకు పడతావని
ఒకసారి అడిగాను.
బెండు మీంచి చూపు తియ్యలేదు.
"ఎవరున్నారో తెలియాలిగా."

బెండు మునిగింది. నాది.
జెల్ల. మూరెడుంటుంది.
ఒడ్డుకి రాగానే మొప్పల పక్క ముల్లు విప్పి
పాత తలుపులా కిర్రుమంది.
నాకు చేతులాడలేదు.
ఆమె వచ్చి, తడిచేత్తో, ముల్లు వెనక పట్టుకుంది.
ఎడమవైపు మీసం సగమే ఉంది.

"వీడా!" అంది.

తన గాలపు కర్ర మీద గోళ్ళరంగుతో పెట్టుకున్న
గీతల పక్కన ఆనించి చూసింది.
చొక్కా జేబులోంచి దాణాకొట్టువాళ్ళిచ్చిన
చిన్న పుస్తకం తీసి, మార్చి దగ్గర ఆగింది.
"అరంగుళం పెరిగాడు."
కాసేపాగి,
"సన్నబడ్డాడు."

ఇంకేమీ అనలేదు. రాసుకుంది.

వదలడానికి నేనే వెళ్ళాను.
మోకాళ్ళదాకా బురద,
చేతుల్లో ఊపిరాడని బరువు,
నీళ్ళు ఎంత నడిచినా ఇంకో రెండడుగుల అవతల.
చివరికి చీలమండ లోతు దొరికింది.
కాసేపు నా అరచేతుల మధ్యే ఉన్నాడు,
వెళ్ళాలా వద్దా అన్నట్టు.
తోక ఒక్కసారి కొట్టాడు.
మొహం మీద పడ్డ నీళ్ళు
పెదవుల్లోకి రాకుండా తుడుచుకున్నాను.

తిరిగొస్తుంటే ఎడమ చెప్పు
బురద లాక్కుంది.
మోచేతిదాకా దేవినా తగల్లేదు.

"వానొస్తే పోయినట్టే," అంది ఒఫీలియా, దారం కొరుకుతూ.
"రాకపోతే వచ్చేనెల
ఎండలో దానంతటదే బయటపడుతుంది."

కొత్త చెప్పులు.
పోతే పోయాయి అనుకుంటూ
కాలుతున్న సిమెంటు మీద
ఒంటికాలి చెప్పుతో ఎక్కాను.