ఒక్క శత్రువైనా ఉండాలి

సెగెడ్‌లో ఆ జనవరి,
తీసా నది అంచులు గడ్డకట్టిన వారం,
నాలుగో అంతస్తులో, హీటర్ పక్కన,
బుల్చూ ఒక నది గీస్తున్నాడు.

ఆటతో పాటే వచ్చింది ఆ ఎడిటర్.
కొండలొక గడిలో, అడవులొక గడిలో,
పోపుల డబ్బాలా సర్ది ఉంటాయి అన్నీ.
చిటికెడు తీసి చల్లుకోవడమే.
డబ్బాలో లేని దినుసు అడక్కూడదు.

వాడు యుద్ధం గీయలేదు.
వాళ్ల తాత నడిపిన బల్లకట్టు గీశాడు.
సైన్యాన్ని దాటించే తెప్పకి
రెండు గుర్రాల్ని ఎక్కించి, ఒక రేవు పెట్టి,
ఒడ్డు పొడుగునా మిరపచేలు.
(మిరప డబ్బాలో లేదు. ద్రాక్షతోటలు చల్లి
“మిరప అనుకో చిల్లా” అన్నాడు.
అనుకున్నాను.)

రాత్రి పదకొండుకి సేవ్ నొక్కితే
బూడిదరంగు గడి ఒకటి తెరుచుకుంది:
పటంలో కనీసం ఒక్క శత్రువైనా ఉండాలి.

చాలాసేపు చూశాడు దాన్ని.
తర్వాత అవతలి ఒడ్డున, ఈశాన్యం మూల,
చుట్టూ దాటరాని బండలు పేర్చి
మధ్యలో ఒక్క ఈటెవాణ్ణి నిలబెట్టాడు.
తిండి లేదు, దారి లేదు,
ఎవరి మీదికీ రాలేడు.
సేవ్ అయింది.

నాకు ఒళ్లు మండింది.
అద్దె ఇంట్లో మేకు కొట్టడానికి
ఇంటాయన్ని అడిగే రకం కాదు నేను.
మర్నాడు స్కూలు ఎగ్గొట్టి ఆట ఫైళ్లు విప్పాను.
స్వెట్టర్ పోగులు లాగినట్టు ఒక్కో అంకే లాగి,
పన్నెండుసార్లు ఆట చచ్చి బతికాక
దొరికింది: కనీస శత్రువులు, ఒకటి.
సున్నా చేశాను.

“ఇప్పుడు తియ్యి వాణ్ణి.”
బుల్చూ బండలు తీశాడు, ఈటెవాణ్ణి తీశాడు.
ఆట మొదలుపెట్టాం.
గుర్రం తల ఎత్తేలోగా,
తెప్ప తాడు బిగిసేలోగా
బాకాలు మోగాయి. తెరనిండా బంగారు అక్షరాలు:
మీరు గెలిచారు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు.
మాకు గుడ్డ తడపకముందే అయిపోయింది.

మార్చి దాకా తవ్వాను.
గెలుపు నియమాన్ని పీకేశాను.
పనిలో పని, డబ్బాలోకి మిరప తెచ్చాను,
ఎర్రగా, నా చేత్తో చుక్క చుక్కా దిద్ది.
మూడు వారాలు బల్లకట్టు అటూ ఇటూ తిరిగింది.
ఎవరూ గెలవలేదు.
అంత బాగున్న ఆట నేను మళ్లీ ఆడలేదు.

ఆపైన కంపెనీవాళ్ల కొత్త ప్యాచ్ వచ్చింది.
నేను వేలు పెట్టిన చోటల్లా
కట్టు కట్టి పంపారు.
మిరప మళ్లీ ద్రాక్షయింది. ఆట అసలు తెరుచుకోలేదు.

బుల్చూ నవ్వలేదు, తిట్టలేదు.
ఆట మళ్లీ ఎక్కించాడు. బండలు మళ్లీ పేర్చాడు.
ఎడిటర్‌లో పేరు రాసే గడి ఒకటుంది,
ఎనిమిది అక్షరాలు పడతాయి.
ఈటెవాడి మీద నొక్కి రాశాడు: పొరుగాయన.

“ఆట లెక్కలో ఇంకా శత్రువే కదా!”
“ఆట లెక్క ఆటది.”

లొంగిపోయాడనే అన్నాను, ఇప్పటికీ అంటాను.
పిచ్చుకగూడు కట్టడం తెలుసు వాడికి,
ఇసుకలో పాదం పెట్టి, చుట్టూ మెత్తి, ఓపిక పట్టడం.
నేను తడి ఆరకముందే కాలు లాగే మనిషిని.
అయినా ఆ మూడు వారాలు నావి.

పోయిన ఆదివారం పాత డిస్కు దొరికింది.
నా మార్పులు ఒక్కటీ తెరుచుకోలేదు.
వాడి పటం వెంటనే తెరుచుకుంది.
ద్రాక్షతోటలు. గుర్రాలు. మూలన పొరుగాయన.
చూస్తే, బండల్లో ఒక్క గడి ఖాళీ.
ఎప్పుడు తీశాడో నాకు చెప్పలేదు.

ఆట నడిపాను.
ఈటె పట్టుకుని పొరుగాయన బయల్దేరాడు
నది వైపుకి, తిన్నగా.
రేవుకి నాలుగు గడుల దూరంలో ఆపి
బుల్చూకి ఫోన్ చేశాను.
ట్రాము డిపోలో ఉన్నాడు, వెనక సుత్తి చప్పుళ్లు.
అంతా విన్నాడు. ఒక్కటే అడిగాడు:

“బల్లకట్టు ఏ ఒడ్డునుంది?”