ఇరవైకి డెబ్భై

పెదజాలరిపేట మున్సిపల్ స్కూలు, ఏడో తరగతి.
ఎండుచేపల వాసన కిటికీలోంచి వచ్చి
హాజరు పలక్కుండానే కూచుంటుంది.

బోర్డు మీద రాశాను:
పూరక కోణాల మొత్తం తొంభై,
సంపూరక కోణాల మొత్తం నూట ఎనభై.
ముప్పై రెండు గొంతులు ఒప్పజెప్పాయి.
మర్నాడు అడిగితే
ఇరవైకి పూరకం నూట అరవై అన్నాయి,
అంతే ధీమాగా.

"రెండూ ఒక్కలాగే వినబడతన్నాయి టీచర్"
అన్నాడు సూరాడ ఎర్రన్న.
నిజమే. ఆ "సం" తగిలించిందెవరో గాని
నా కొంప ముంచారు.

బయటికి తీసుకెళ్లాను.
గోడకి సున్నం వేసే ఆయన అన్నానికెళ్లాడు,
నిచ్చెన ఆనించి ఉంది.
విరిగిన కోణమానినితో పైడితల్లి కొలిచింది:
కింద డెబ్భై, పైన ఇరవై.
నేను పట్టుకుని కాలు కాస్త వెనక్కి లాగాను.
కింద అరవై, పైన ముప్పై.
"కింద తగ్గిందే పైకెక్కిపోనాది!"
గోడా నేలా మాత్రం
తమ మూల దగ్గర్నించి కదల్లేదు.

రెండోదానికి ఒడ్డుకి నడిచాం.
ఆటు తీశాక ఇసకలో ఒరిగిన పడవ,
దాని కొయ్య నిలువు మానేసి
డాల్ఫిన్స్ నోస్ వైపు వాలింది.
వెనక, లంగరేసిన ఓడల కింద
సముద్రం తిన్నగా గీసిన గీత.
"ఇటేపు అరవై అయిదు."
"అయితే అటేపు నూట పదిహేను, కొలవక్కర్లేదు."

నూట పదిహేనుకి పూరకం ఎంత?
ఇరికిద్దామనే అడిగాను.
ఎర్రన్న ఇసకని కాలితో కెలికాడు.
"లేదండి. తొంభై దాటీసింది కదా,
ఇంక నింపడానికేటుంది?"

తిరిగొస్తుంటే వాడే అడిగాడు,
జంట కోణాలు పక్కపక్కనే ఉండాలా అని.
అక్కర్లేదన్నాను, మొత్తం కుదిరితే చాలు.
"అంటే ఒకటి మా ఇంటికాడుండి
ఇంకోటి పారాదీప్ కాడ ఏటలో ఉన్నా
జతేనా?"
జతే.
వాడు వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.
డిగ్రీలో రోజులో, నేనడగలేదు.

యూనిట్ పరీక్షలో
ఇరవైకి పూరకం డెబ్భై అని రాసి
మార్జిన్లో చిన్న నిచ్చెన గీశాడు,
నాలుగే మెట్లు, ఒకటి వంకర.
నిచ్చెనకి మార్కుల్లేవు.
నేను అర మార్కు వేశాను.